పైనీరు ఇటు, అడుగునీరు అటు: బోస్ఫరస్ మీద పాఠకుల ప్రశ్నలు

ఇస్తాంబుల్ నగరాన్ని రెండుగా చీల్చుకుంటూ పారే బోస్ఫరస్ జలసంధి గురించి విశాఖ నుంచి కట్టలు కట్టలుగా ఉత్తరాలు వచ్చాయి. రేవు ఊరి వాళ్ళకి ఓడల సంగతి పట్టకుండా ఎలా ఉంటుంది! ఒకే రకం ప్రశ్నలను కలిపేసి, మిగిలినవాటికి ఇక్కడ జవాబులిస్తున్నాం.

బోస్ఫరస్ నదా, తవ్విన కాలువా, సముద్రమా? ఆ పేరుకి అర్థమేమిటి?
— డిగ్రీ విద్యార్థిని, పెదవాల్తేరు

సముద్రమే. ఒకప్పటి నదీలోయలోకి సముద్రపు నీరు చేరి నిలిచిపోతే ఏర్పడింది. ఉత్తరాన నల్లసముద్రం, దక్షిణాన మార్మరా సముద్రం, నడుమ ఈ మెలికల దారి. పొడవు సుమారు 31 కిలోమీటర్లు. అంటే ఆర్కే బీచ్ దగ్గర బయల్దేరి భీమిలి దాటి ఇంకొంచెం పోయినంత. మరీ ఇరుకైన చోట వెడల్పు 700 మీటర్లే. లోతు మాత్రం తక్కువేం కాదు, కొన్నిచోట్ల 110 మీటర్ల దాకా ఉంటుంది.

‘బోస్ఫరస్’ అంటే గ్రీకులో ‘ఆవు దాటిన రేవు’. ఆవుగా మారిపోయిన అయో అనే కన్య ఈ నీటిని ఈదుకుంటూ దాటిందని వాళ్ళ పురాణం. తుర్కులు దీన్ని ‘బోఆజ్’ అంటారు, అంటే గొంతు. నౌకల మీద పనిచేసేవాళ్ళకి ఈ రెండో పేరే సరిపోతుందనిపిస్తుంది. గొంతులో ఏదైనా అడ్డుపడితే ఏమవుతుందో కింది జవాబుల్లో చూడండి.

పైన నీరు ఒకవైపు, అడుగున నీరు ఇంకోవైపు పారుతుందని చదివాను. మా ఎనిమిదో తరగతి పిల్లలకు దీన్ని క్లాసులో చేసి చూపించే మార్గం ఉందా?
— సైన్సు టీచరు, గాజువాక

ఉంది. 340 ఏళ్ళ కిందట ఈ విషయాన్ని తేల్చిన మనిషి కూడా ఇలాగే పెట్టెలో చేసి చూపించాడు. ముందు కారణం చెప్పుకుందాం. డాన్యూబ్, నీపర్, డాన్ లాంటి పెద్ద నదులు నల్లసముద్రంలో కలుస్తాయి. ఎండకి ఆవిరయ్యేదానికంటే నదులూ వానలూ తెచ్చిపోసే నీరే ఎక్కువ. అందుకని అక్కడి నీటిమట్టం మార్మరా కంటే 30 సెంటీమీటర్లు అటూ ఇటూగా ఎత్తులో ఉంటుంది. ఆ మిగులు నీరంతా పైపొరగా దక్షిణానికి దిగుతుంది. ఇది చప్పటి నీరు, వెయ్యికి 18 పాళ్ళ ఉప్పు. మధ్యధరా వైపు నుంచి వచ్చే నీటిలో ఉప్పు 38 పాళ్ళ దాకా ఉంటుంది. బరువైనది కనుక అది అడుగుకి దిగి, నేలను పట్టుకుని ఉత్తరానికి పాకుతుంది. లెక్కగా చెప్పాలంటే, ఏటా పైన దిగేది సుమారు 600 ఘన కిలోమీటర్లు, అడుగున ఎక్కేది అందులో సగం.

లోతుకి దించిన వలలు పడవకి ఎదురు దిక్కున లాక్కుపోతున్నాయని అక్కడి జాలరులకు ఎప్పట్నుంచో తెలుసు. ఆరో శతాబ్దపు చరిత్రకారుడు ప్రొకోపియస్ కూడా ఈ మాట రాశాడు. 1679–80లో లుయిజీ మార్సిలి అనే ఇటలీ కుర్రాడు, అప్పటికి పాతికేళ్ళైనా లేవు, జాలరుల మాట విని తాడుకి తెల్లరంగు బెండుముక్కలు కట్టి నీళ్ళలోకి దించాడు. పై ముక్కలు దక్షిణానికి వాలాయి, కిందివి ఉత్తరానికి తిరిగాయి. ఆ తర్వాత అడ్డుపలక పెట్టిన పెట్టెలో రెండు నీళ్ళూ పోసి, కారణం ఉప్పేనని నిరూపించాడు.

మీరు చేయాల్సిందిదీ. 25 సెంటీమీటర్ల పొడవు, 20 వెడల్పు, కనీసం 15 ఎత్తు ఉన్న పారదర్శకమైన ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. నడిమధ్య నిలబెట్టడానికి మందపాటి యాక్రిలిక్ ముక్కను కొలతకి కోయించండి. దానికి సెంటీమీటరు వెడల్పు చిల్లులు రెండు వేయించండి: అడుగు నుంచి ఒక సెంటీమీటరు ఎత్తులో ఒకటి, 10 సెంటీమీటర్ల ఎత్తులో ఇంకొకటి. రెండూ నీళ్ళలో మునిగే ఉండాలి. పలక అంచులను పిల్లలు ఆడుకునే క్లేతో గట్టిగా మూసేయండి. చిల్లులకి కూడా క్లే ఉండలే బిరడాలు. వాటికి దారం కట్టుకుంటే లాగడం తేలిక.

రెండు బకెట్లలో మూడేసి లీటర్ల నీళ్ళు తీసుకోండి. ఒకదానిలో 54 గ్రాముల ఉప్పు, నీలం సిరా నాలుగు చుక్కలు వేస్తే అది నల్లసముద్రం. రెండోదానిలో 114 గ్రాముల ఉప్పు, ఎర్ర సిరా వేస్తే అది మధ్యధరా. రెండింటినీ పలకకి చెరోవైపు పోస్తే నీరు 12 సెంటీమీటర్ల ఎత్తుకి వస్తుంది. సుడులు ఆగేదాకా ఐదు నిమిషాలు ఊరుకుని, రెండు దారాలూ ఒకేసారి లాగండి. ఎర్రనీరు కింది చిల్లులోంచి దూరి నీలం కింద చాపలా పరుచుకుంటుంది. పై చిల్లులోంచి నీలం ఎర్రదాని మీదికి జారుతుంది.

తప్పు జరిగేది సాధారణంగా రెండుచోట్ల. ఒకటి, ఉప్పు తొందరగా కరుగుతుందని మరిగిన నీళ్ళు వాడడం. 60 డిగ్రీల ఉప్పునీరు చల్లటి చప్పనీటితో ఇంచుమించు ఒకే బరువు తూగుతుంది, ఇక ఏదీ కదలదు. కాబట్టి రెండూ ఒకే కుళాయి నీళ్ళు కావాలి, పూర్తిగా చల్లారాలి. కళ్ళుప్పు వద్దు, నీరు మసకబారుతుంది.

రెండోది మట్టం. ఈ రెండు నీళ్ళ బరువుల తేడా నూటికి ఒకటిన్నర పాలు మాత్రమే. అంటే 11 సెంటీమీటర్ల లోతులో దాని తోపు రెండు మిల్లీమీటర్ల నీటి ఎత్తుకి కూడా సాటిరాదు. ఒకవైపు మట్టం అంతకుమించి ఎక్కువైతే రెండు చిల్లుల్లోనూ నీరు ఒకేవైపు పరిగెడుతుంది. కంగారుపడకండి. కొన్ని క్షణాల్లో మట్టాలు సర్దుకుని అసలు ఆట మొదలవుతుంది. ఈ పొరపాటును పిల్లలకి కావాలనే చేసి చూపించమంటాం. ఎందుకంటే అచ్చం ఇదే బోస్ఫరస్‌లోనూ జరుగుతుంది. ‘లోదోస్’ అనే నైరుతి గాలి రోజుల తరబడి కొట్టి మార్మరా నీటిని జలసంధి నోటిలోకి ఎగదోస్తే, పైనీరు కూడా ఉత్తరానికి తిరుగుతుంది. దాన్ని ‘ఓర్కోజ్’ అంటారు. ఓడలవాళ్ళు భయపడే మాటల్లో అదొకటి.

మా అబ్బాయి డెక్ కేడెట్‌గా చేరాడు. మొదటి ఓడే రొమేనియా వెళుతోందట. బోస్ఫరస్ దాటడం అంత కష్టమా? మన రేవులోకి కూడా ఇరుకు దారిలోంచే కదా వస్తాయి ఓడలు.
— ఒక తండ్రి, మర్రిపాలెం

మన ఇన్నర్ హార్బర్ దారి ఇరుకే, కాదనం. కాని అక్కడ డాల్ఫిన్ నోస్ పక్కనుంచి ఓడను నిదానంగా, టగ్గులు పట్టుకుని తీసుకొస్తాయి. ఎదురుగా మరో ఓడ ఉండదు, నీటి వాలు కూడా పెద్దగా ఉండదు. మన బాధ ఇసుక. కెరటాల తాకిడీ ఇసుక రాకా తగ్గాలని రేవు కట్టే రోజుల్లో రెండు పాత ఓడలను నోటి దగ్గర ముంచి అడ్డుకట్టగా వాడుకోవాల్సి వచ్చింది. బోస్ఫరస్‌కి ఇసుక బాధ లేదు, బాధంతా ప్రవాహం, మలుపులు. పైనీరు మామూలుగా 3–4 నాట్ల వేగంతో దిగుతుంది, ఇరుకుల్లో 7–8 నాట్లకి కూడా పోతుంది. ఒక నాట్ అంటే గంటకి 1.85 కిలోమీటర్లు. ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఓడ కనీసం 12 సార్లు దారి మళ్ళాలి. కాండిల్లి దగ్గర 45 డిగ్రీలు, యెనికోయ్ దగ్గర 80 డిగ్రీలు. ఆ రెండు చోట్లా కొండ అడ్డొచ్చి ఎదురొచ్చే ఓడ కంటికి కనబడదు.

మీ అబ్బాయి ఓడ వెళ్ళేటప్పుడు ఎదురీదుతుంది, తిరిగొచ్చేటప్పుడు వాలులో వస్తుంది. వినడానికి రెండోదే సుఖమనిపిస్తుంది. నిజానికి కష్టమంతా అందులోనే ఉంది. వేగ పరిమితి నేలతో కొలిస్తే 10 నాట్లు. 4 నాట్ల ప్రవాహానికి ఎదురెళ్ళే ఓడ నీటిని 14 నాట్లతో కోస్తుంది, చుక్కాని బ్రహ్మాండంగా పట్టుకుంటుంది. అదే ఓడ వాలులో వస్తే నీటితో పోల్చి దాని వేగం 6 నాట్లే. చుక్కాని బలం నీటి వేగం వర్గాన్ని బట్టి ఉంటుంది కనుక, ప్రొపెల్లర్ చిమ్మే నీటి సాయాన్ని పక్కనపెడితే, తేడా ఐదు రెట్లకు పైమాటే. దానికితోడు మలుపుల్లో ఒడ్డు పక్క నీరు సుడి తిరిగి వెనక్కి పారుతుంటుంది. ఓడ ముక్కు ఆ నిదానపు నీటిలోకి దూరి, వెనక భాగం ఇంకా ధారలోనే ఉంటే, ఓడ అనుకున్నదానికంటే ఎక్కువ తిరిగిపోతుంది. 200 మీటర్ల ఓడ అలా తిరగడం మొదలుపెట్టాక ఆపడానికి అక్కడ చోటు లేదు.

అందుకే సన్నాహం ముందురోజు నుంచే మొదలవుతుంది. కనీసం 24 గంటల ముందు ఓడ కొలతలూ సరుకూ చెప్పే మొదటి నివేదిక, SP-1 అంటారు, పంపాలి. ప్రవేశానికి రెండు గంటల ముందో, 20 మైళ్ళ దూరంలోనో రెండోది. అంతకుముందే ఇంజన్‌ను ముందుకూ వెనక్కూ నడిపి చూస్తారు. చుక్కాని యంత్రం, అత్యవసర కరెంటు, రాడార్, వీహెచ్‌ఎఫ్ రేడియో అన్నీ సరిచూస్తారు. రెండు లంగర్లూ విప్పి, ఓడ ముక్కు దగ్గర మనుషులను నిలబెట్టి, క్షణంలో వదిలేలా ఉంచుతారు. కొత్త కేడెట్‌కి చాలాసార్లు పడే డ్యూటీ ఇదే, చలికోటు మర్చిపోవద్దనండి. ఆటోపైలట్ వాడకూడదు, చక్రం మనిషి చేతిలోనే ఉండాలి. ఇరుకు భాగంలో, అంటే వానికోయ్, కాన్లిజాల నడుమ, ముందున్న ఓడను దాటిపోవడం నిషేధం.

200 మీటర్లు దాటిన ఓడలూ, 15 మీటర్ల కంటే లోతుగా మునిగేవీ పగటిపూటే వెళ్ళాలని చెబుతారు. మంచుతెర పట్టి చూపు మైలు కంటే తగ్గితే ఒకేవైపు వదులుతారు, అరమైలు కంటే తగ్గితే రెండువైపులా ఆపేస్తారు. ఇలా బయట రోజంతా, ఒక్కోసారి రోజుల తరబడి లంగరేసుకుని ఎదురుచూసే ఓడలు మామూలే. కాబట్టి అబ్బాయి ఫోను రెండ్రోజులు ఆలస్యమైతే గాభరా పడకండి. లోపలికి వెళ్ళాక దాటడానికి రెండు గంటలు కూడా పట్టదు.

ఇంకొక్క మాట. ఆగకుండా దాటిపోయే విదేశీ ఓడకి అక్కడ పైలట్ తప్పనిసరి కాదు, గట్టి సలహా మాత్రమే. మన రేవులో పైలట్ లేకుండా ఓడ కదలదు. అక్కడెందుకు అలా అంటే, 1936 నాటి ఒప్పందం పైలట్‌ను ఐచ్ఛికమని రాసిపెట్టింది. పైలట్ ఫీజు మిగుల్చుకోవాలని చూసే యజమానులు ఇప్పటికీ ఉన్నారు. మా దృష్టిలో అది చిల్లర కక్కుర్తి.

అంత జాగ్రత్త పడితే ప్రమాదాలెందుకు జరిగాయి?
— పేరు రాయని పాఠకుడు, కంచరపాలెం

ఆ జాగ్రత్తల్లో చాలావరకు ప్రమాదాల తర్వాత వచ్చినవే. 1979 నవంబరు 15న దక్షిణపు నోటి దగ్గర రొమేనియా ట్యాంకర్ ‘ఇండిపెండెంటా’ ఒక గ్రీకు ఓడను ఢీకొని పేలిపోయింది. 46 మందిలో 43 మంది చనిపోయారు. సుమారు 95 వేల టన్నుల ముడిచమురు వారాల తరబడి తగలబడింది. అప్పట్లో అక్కడ ఓడలు ఎడమ పక్కన నడిచేవి. 1982లో ప్రపంచమంతటిలాగే కుడికి మార్చారు. 1994 మార్చిలో ‘నాసియా’ ట్యాంకర్ ప్రమాదంలో పాతికమందికి పైగా పోయారు. ఆ ఏడాది జులై నుంచే కొత్త నిబంధనలు. రాడార్లతో నిఘా పెట్టే వ్యవస్థ 2003 చివరికి పనిలోకి దిగింది.

అన్నీ ఉన్నా యంత్రం మొరాయిస్తే చేసేదేం లేదు. 2018 ఏప్రిల్ 7న 225 మీటర్ల ‘విటాస్పిరిట్’ ఇంజన్ చెడి నేరుగా ఒడ్డు మీదికి నడిచింది. నీటి అంచున నిలిచిన ఒక పాతకాలపు చెక్కభవనం మీదికెక్కి దాన్ని కుప్పకూల్చింది. అదృష్టం, ఎవరికీ ప్రాణాపాయం జరగలేదు.

2021 మేలో ఇక్కడే సెలవు తీసుకున్న ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ నల్లసముద్రం ఒడ్డున తయారైందంటారు. యుద్ధనౌకని ఇంకో దేశం నగరం నడుమనుంచి ఎలా రానిస్తారు?
— డాక్‌యార్డ్ రిటైర్డ్ ఉద్యోగి, మల్కాపురం

ఉక్రెయిన్‌లోని నికొలాయెవ్‌లో కట్టారు, 1980 మే 4న జార్జియాలోని పోతి రేవులో మన నౌకాదళంలో చేర్చుకున్నారు. రెండూ నల్లసముద్రం వైపు ఊళ్ళే. అక్కణ్ణుంచి మహాసముద్రంలోకి అంత నౌక రావడానికి బోస్ఫరస్ తప్ప వేరే తోవ లేదు. దాని తర్వాత వచ్చిన రంజిత్‌దీ అదే దారి.

రానివ్వడమా మానడమా అన్నది తుర్కియే (టర్కీ) ఇష్టం మీద లేదు. 1936 జులై 20న స్విట్జర్లాండ్‌లోని మాంట్రోలో కుదిరిన ఒప్పందం ప్రకారం నడుస్తుంది. సరుకు ఓడలకి శాంతికాలంలో పూర్తి స్వేచ్ఛ. యుద్ధనౌకలకి మాత్రం కొలతలున్నాయి. 8 రోజుల ముందు కబురు చేయాలి, నల్లసముద్రం ఒడ్డున లేని దేశాలైతే 15 రోజుల ముందు చెప్పడం మర్యాద. పగటివేళే ప్రవేశించాలి. ఒకే సమయంలో దాటుతున్న విదేశీ యుద్ధనౌకల బరువు మొత్తం 15 వేల టన్నులు మించకూడదు. రాజ్‌పుత్ 5 వేల టన్నుల లోపే కనుక పేచీ లేదు. బయటి దేశపు నౌకలు నల్లసముద్రంలో 21 రోజులకు మించి ఉండకూడదు.

బయటి దేశాల జలాంతర్గాములకి అసలు ప్రవేశమే లేదు. బీచ్ రోడ్డులో మనం టికెట్ కొని చూసే కుర్సురా బాల్టిక్ సముద్రపు రీగా నుంచి వచ్చింది కాబట్టి దానికి ఈ గొడవ తగల్లేదు. ఇదే ఒప్పందంలోని 19వ అధికరణను పట్టుకుని 2022 ఫిబ్రవరి ఆఖరున తుర్కియే, యుద్ధంలో ఉన్న రష్యా, ఉక్రెయిన్‌ల యుద్ధనౌకలకు దారి మూసింది. సొంత స్థావరానికి తిరిగెళ్ళే నౌకలకే మినహాయింపు.

2022లో పొద్దుతిరుగుడు నూనె ధర మండిపోయినప్పుడు ‘ఆ జలసంధి మూసేశారు, అందుకే’ అన్నాడు మా కొట్టతను. నిజమేనా?
— గృహిణి, అక్కయ్యపాలెం

సగమే నిజం. యుద్ధనౌకలకి మూశారు గాని సరుకు ఓడలకి మూయలేదు. ఆగిపోయినవి ఉక్రెయిన్ రేవులు. మనం దిగుమతి చేసుకునే పొద్దుతిరుగుడు నూనెలో సింహభాగం ఉక్రెయిన్, రష్యాల నుంచే వచ్చేది. ఒడెస్సా చుట్టుపక్కల రేవుల్లో నింపుకున్న ఓడ బోస్ఫరస్, మార్మరా, డార్డనెల్స్ దాటి, సూయజ్ మీదుగా ఎర్రసముద్రం దిగి, కాకినాడకో కృష్ణపట్నానికో చేరాలి. మొదటి మెట్టులోనే తాళం పడింది. 2022 జులై 22న ఇస్తాంబుల్‌లో ధాన్యం ఒప్పందం కుదిరాక ఓడలు కదిలాయి. ప్రతి ఓడనీ బోస్ఫరస్ దగ్గర తనిఖీ చేసి వదిలేవారు. ఏడాదికి ఆ ఒప్పందం ముగిసింది.

దారి ఖర్చు మాత్రం పెరిగింది. దాటినందుకు సుంకం వేసే హక్కు తుర్కియేకి లేదు గాని, దీపస్తంభాలు, ఆరోగ్య తనిఖీ, రక్షణ సేవల పేరిట రుసుము తీసుకోవచ్చు. 2022 అక్టోబరులో నెట్ టన్నుకి (ఓడలో సరుకు పట్టే చోటుకి కొలత) 0.80 డాలర్ల నుంచి 4 డాలర్లకి పెంచారు. 20 వేల నెట్ టన్నుల ఓడకి 16 వేల డాలర్లున్నది 80 వేలయింది. లీటరు నూనె మీద పంచితే అది పైసల్లోనే తేలుతుంది. మీ కొట్టతను పెంచింది అంతకంటే ఎక్కువే అయ్యుంటుంది.

అక్కడ ఏం చేపలు పడతారు? వాళ్ళకీ మనలా వేట నిషేధం ఉంటుందా?
— మరబోటు డ్రైవరు, జాలారిపేట

ఉంటుంది. మనకీ వాళ్ళకీ మొదలయ్యేది ఒకే రోజున, ఏప్రిల్ 15న. మనకి 61 రోజులు. అక్కడ పెద్ద వలల బోట్లకి ఆగస్టు ఆఖరుదాకా, సెప్టెంబరు 1న సముద్రంలోకి దిగుతారు. జలసంధిలో ట్రాల్ వల లాగడం ఏడాది పొడవునా నిషేధమే.

వసంతంలో చేపలు మేతకీ గుడ్లకీ నల్లసముద్రంలోకి ఎక్కుతాయి, చలికి ముందు దక్షిణానికి దిగుతాయి. ఆ దిగే కాలమే వాళ్ళకి పండగ. పాలముత్ అనేది మన సూరకి చుట్టం. హంసి అంటే మన నెత్తళ్ళే, హంసతో సంబంధమేమీ లేదు. వీటన్నిటికీ రాజు లూఫర్. గోదావరి వాళ్ళు సముద్రంలో ఉన్నప్పుడు విలస, ఏరెక్కితే పులస అన్నట్టు, ఇస్తాంబుల్ వాళ్ళు ఒకే చేపని సైజుని బట్టి చినెకోప్, సారికనత్, లూఫర్, కోఫానా అని పిలుస్తారు. చినెకోప్ దశలోనే పట్టేస్తే గుడ్లు పెట్టే చేప మిగలదని అక్కడా గొడవలే. గలాటా వంతెన మీద గేలాలేసే వాళ్ళయితే పొద్దున్నుంచి రాత్రిదాకా వరసగా నిలబడి ఉంటారు. అది జలసంధి పక్కనున్న గోల్డెన్ హార్న్ పాయ మీద ఉంది. జలసంధి మీద నేరుగా ఉన్న మూడు వంతెనలూ 64 మీటర్లో ఆ పైనో ఎత్తున ఉంటాయి, అక్కణ్ణుంచి గేలం అందదు!

రెండు ప్రవాహాలున్న నీటి కింద సొరంగం ఎలా వేశారు? కొండ తొలిచినట్టు తొలిచారా?
— సివిల్ ఇంజనీరింగ్ విద్యార్థి, మధురవాడ

రెండు సొరంగాలు, రెండు పద్ధతులు. 2013 అక్టోబరు 29న తెరిచిన మార్మరే రైలు సొరంగాన్ని నీటి కింద భాగంలో తొలచలేదు, ముంచారు. ఒడ్డున కాంక్రీటు పెట్టెలు 11 పోసి, రెండు చివరలూ మూసి తేలేట్టు చేసి లాక్కొచ్చారు. సముద్రపు నేలలో ముందే తవ్విన కందకంలోకి ఒక్కొక్కటీ దించి అతికించారు. మొత్తం 1,387 మీటర్లు, ఎక్కువ లోతు సుమారు 60 మీటర్లు. దించేటప్పుడు పెట్టె పైభాగాన్ని ఒక ప్రవాహం దక్షిణానికి నెడితే, కిందికెళ్ళాక ఇంకోటి ఉత్తరానికి నెడుతుంది. అందుకని ప్రవాహాలు మందగించే వేళను ముందుగా అంచనా కట్టి ఆ వేళకే దించేవారు. ఉత్తర అనటోలియా భ్రంశం దగ్గర్లోనే ఉంది కనుక అతుకులు భూకంపానికి కొంచెం కదిలేలా చేశారు. పని ఆలస్యమైంది మాత్రం నీటివల్ల కాదు. యెనికాపి స్టేషన్ తవ్వకంలో రోమన్ చక్రవర్తి థియోడోసియస్ కాలపు రేవు, 37 పాత ఓడలు బయటపడ్డాయి. పురావస్తు శాఖ వాళ్ళు తీరిగ్గా తవ్వుకునేదాకా రైలు ఆగింది.

కార్లు వెళ్ళే యురేషియా సొరంగం 2016 డిసెంబరులో తెరిచారు. దాన్ని యంత్రంతో తొలిచారు. సముద్రమట్టానికి 106 మీటర్ల కిందిదాకా పోతుంది. రెండు అంతస్తులు, ఒకటి పోవడానికి, ఒకటి రావడానికి.

ఇద్దరం రిటైరయ్యాం, వచ్చే శరత్తులో ఇస్తాంబుల్ వెళుతున్నాం. బోస్ఫరస్‌ని తక్కువ ఖర్చులో బాగా చూడాలంటే ఎలా?
— దంపతులు, ఎంవీపీ కాలనీ

ఎమినోను ఒడ్డున ‘బోస్ఫరస్ క్రూజ్’ అంటూ చేయి పట్టుకు లాగేవాళ్ళను దాటుకుని నగర పాలక ఫెర్రీల రేవుకి వెళ్ళండి. ‘షెహిర్ హత్లరి’ అని బోర్డుంటుంది. పొద్దున బయల్దేరే పొడుగు యాత్ర ఫెర్రీ ఎక్కితే ఉత్తరపు కొసన అనడోలు కవాగి అనే జాలరి పల్లె దాకా తీసుకెళ్ళి, అక్కడ రెండు మూడు గంటలు ఆపి, వెనక్కి తెస్తుంది. టైములు రుతువుని బట్టి మారతాయి, ముందురోజే రేవులో అడగండి. అరగంట ముందుంటే బయటి బల్ల దొరుకుతుంది.

వెళ్ళేటప్పుడు ఐరోపా మీకు ఎడమ పక్క, ఆసియా కుడి పక్క. ఎడమన కూర్చోండి. రెండో వంతెన రాబోతుండగా మూడు పెద్ద బురుజులతో రూమెలి హిసారి కోట కొండ దిగి నీళ్ళదాకా వస్తుంది. 1452లో ఒట్టోమన్ సుల్తాను రెండో మెహ్మెద్ దాదాపు నాలుగున్నర నెలల్లో కట్టించాడు. సరిగ్గా జలసంధి ఇరుకు చోట, ఎదుటి ఒడ్డున వాళ్ళ ముత్తాత కట్టించిన కోటకి ఎదురుగా. ‘గొంతు కోసేది’ అని దానికి మారుపేరు. ఆగమన్నా ఆగని వెనిస్ ఓడను ఆ నవంబరులో ఫిరంగితో ముంచింది. మరుసటి ఏడాది మే 29కి నగరమే చేతులు మారింది. కోట రాగానే నీళ్ళకేసి చూడండి, ధార ఉరకలేస్తుంటుంది, చిన్న పడవలు ఒడ్డువార సుడుల్లోంచి దొంగదారిన ఎగువకి పోతుంటాయి.

తిరిగొచ్చేటప్పుడు కూడా అదే పక్క కూర్చుంటే ఆసియా ఒడ్డు చెక్కభవనాలు కనిపిస్తాయి. కాన్లిజా దగ్గర పంచదార పొడి చల్లిన పెరుగు అమ్ముతారు. మన మీగడ పెరుగంత గట్టిగా ఉంటుంది, పులుపు తక్కువ. అనడోలు కవాగిలో పైనున్న యోరోస్ కోటకి ఎక్కడం అరగంట, మోకాళ్ళ నొప్పులుంటే కిందే కూర్చుని చేపలు తినండి. అంత సమయం లేకపోతే ఎమినోను నుంచి ఉస్కుదార్‌కి మామూలు ఫెర్రీ ఎక్కండి. సిటీ బస్సు టికెట్టంత ఖర్చు, ఇరవై నిమిషాల్లోపే ఖండం మారుతుంది, టీ కూడా దొరుకుతుంది. దీనికి ఇస్తాంబుల్ కార్డు ఒకటి కొనుక్కుంటే చాలు.

శరత్తులో లోదోస్ గాలి లేస్తే ఫెర్రీలు రద్దు చేస్తారు. కాబట్టి ఈ యాత్రని ఆఖరి రోజుకి పెట్టుకోకండి, మొదటి రోజునో రెండో రోజునో కానిచ్చేయండి.